మద్రాసు గళ్ళ కోటు

ఈ వారం చరిత్ర ప్రసంగంలో రాజులూ యుద్ధాలూ లేవు. ఒక గుడ్డ గురించి చెబుతాను.

నాకు పాతకాలపు అమెరికన్ పద్ధతిలో దుస్తులు వేసుకోవడం ఇష్టమని ఇక్కడ న్యూజెర్సీలో నన్ను ఎరిగినవాళ్ళకి తెలుసు. కాలరు కొసలకి బొత్తాలున్న తెల్ల ఆక్స్‌ఫర్డ్ చొక్కా, భుజాల్లో దళసరి మెత్తలు లేని ముదురు నీలం బ్లేజరు, ఖాకీ పంట్లాం, తోలు లోఫర్లు. కంపెనీ గుర్తు పైకి కనపడకూడదు. ఇరవై ఏళ్ళు తొడిగినా కాలం చెల్లని బట్ట కొనుక్కుంటే మాటిమాటికీ షాపుల వెంట తిరగక్కర్లేదని నా లెక్క.

ఈ పద్ధతి తూర్పు తీరంలోని పాత కాలేజీల్లో పెరిగింది. యేల్, ప్రిన్స్‌టన్, హార్వర్డ్ విద్యార్థులు దీనికి పేరు తెచ్చారు. న్యూయార్కులో 1818లో మొదలైన బ్రూక్స్ బ్రదర్స్ లాంటి దుకాణాలు వాళ్ళకి బట్టలు అమ్మేవి. 1950ల్లో, 60ల్లో ఇది బాగా ఊపులో ఉండేది. చలికాలానికి స్కాట్లండు ట్వీడు వేసుకునేవారు. మరి వేసవికో? ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గళ్ళు కలగలిసిన పల్చటి నూలు గుడ్డతో కోట్లు, చొక్కాలు కుట్టించుకునేవారు. దాని పేరే ‘మద్రాస్’. ఇప్పటికీ అదే పేరు.

ఊరి పేరు గుడ్డకెలా వచ్చిందో చూద్దాం. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి సముద్రపు ఒడ్డున కొంత నేల ఇచ్చాడు. సెయింట్ జార్జి కోట అక్కడే లేచింది. కంపెనీకి ముఖ్యంగా కావలసింది ఆ తీరపు నూలు బట్ట. 1734లో నేతగాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక పేటనే కట్టారు. అదే చింతాద్రిపేట. తమిళంలో ‘తరి’ అంటే మగ్గం. చిన్న తరిపేట కాస్తా చింతాద్రిపేట అయింది.

1687 నుంచి 1692 దాకా ఆ కోటకి గవర్నరుగా చేసినవాడు ఎలిహు యేల్. మద్రాసులో బాగా గడించాడు. 1718లో కనెటికట్‌లోని ఒక చిన్న కాలేజీకి పుస్తకాలతో పాటు బట్టల బేళ్ళు పంపించాడు. ఆ బేళ్ళు అమ్మగా సుమారు 560 పౌన్లు వచ్చాయి. కృతజ్ఞతగా కాలేజీకి ఆయన పేరు పెట్టారు. మన పిల్లలు ‘యేల్‌లో సీటు’ అని కలలు కనే విశ్వవిద్యాలయం పేరు వెనక బట్టల మూటలున్నాయన్నమాట!

గళ్ళ గుడ్డ మద్రాసు ఒక్కచోటే నేసింది కాదు. మన చీరాల, దక్షిణాన పులికాట్ ఈ నేతకి పేరుపడ్డ చోట్లు. మలేషియాలో ఉన్న శ్రోతలకి ‘కైన్ పెలికాట్’ అనే గళ్ళ లుంగీ తెలిసే ఉంటుంది. ఆ పేరు పులికాట్ నుంచే వచ్చింది. నైజీరియాలో ఇగ్బోలు మన గుడ్డని ‘జార్జ్’ అంటారు. అది సెయింట్ జార్జి కోట పేరే. అక్కడి కలబరివాళ్ళు దీన్ని ‘ఇంజిరి’ అంటారు. గుడ్డలోంచి ఒక్కొక్క పోగే కోసి, లాగేసి, తమ సొంత నమూనా తేల్చుకుంటారు. మార్టినిక్, గ్వాడెలూప్ ఆడవాళ్ళ తలపాగా కూడా మద్రాసు గుడ్డే.

ఇక రంగు సంగతి. 17వ శతాబ్దంలో యూరపువాళ్ళు మన బట్ట వెంట పడ్డది రంగు కోసం. ఉతికినా పోదు. కోస్తా ఇసుక నేలల్లో పెరిగే చిరివేరుతో ఎరుపు వేసేవారు. నిజాంపట్నం ప్రాంతపు చిరివేరు అప్పటికే ప్రసిద్ధి. చీరాల తేలియా రుమాలుకైతే నూలుని ముందు నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ మళ్ళీ మళ్ళీ నానబెట్టాలి. అప్పుడే ఎరుపు నూలుకి పట్టుకుని నిలుస్తుంది. 1869లో ఆ ఎరుపుని జర్మనులు రసాయనంగా తయారు చేశారు. 1897లో కృత్రిమ నీలిమందూ బజారుకొచ్చింది. చిరివేరు తవ్వే పని, నీలి సాగు రెండూ దెబ్బతిన్నాయి.

అలాంటి తీరపు గుడ్డకి అమెరికాలో రంగు కారడం వల్ల పేరొచ్చింది! బట్టల వ్యాపారంలో ఒక కథ చెప్పుకుంటారు. 1958లో ఒక అమెరికన్ దిగుమతిదారు కెప్టెన్ సి. పి. కృష్ణన్ నాయర్ దగ్గర మద్రాసు గుడ్డ కొన్నాడట. చల్లనీళ్ళలో విడిగా ఉతకాలని నాయర్ చెప్పినా, ఆ మాట కొన్నవాళ్ళకి చేరలేదట. కోట్లు ఉతికేసరికి రంగులన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. గొడవయింది. చివరికి ప్రచారంవాళ్ళు దాన్నే గొప్పగా మార్చేశారు. రంగు కారడం ఖాయం, ఉతికిన ప్రతిసారీ కొత్త బట్టే అని అమ్మారు. ఈ నాయరే తర్వాత లీలా హోటళ్ళు పెట్టారు. కథలో ఎంత పాలు నిజమో గానీ, వెలిసిన మద్రాసు కోటు వాళ్ళలో హోదాకి గుర్తయింది.

మా నాన్న చీరాల దగ్గర చిన్నప్పటి నుంచీ గుంటమగ్గం మీద నేసిన మనిషి. ఒక వేసవిలో మా దగ్గరికి వచ్చినప్పుడు నా గళ్ళ కోటు చూసి, “ఏందిరా ఇది? లుంగీ గుడ్డతో కోటు కుట్టించుకున్నావా?” అన్నారు. నా దగ్గరున్న రెండు కోట్లూ తెచ్చి ముందు పెట్టాను. చేతిని తిరగేసి, లోపలివైపు బొటనవేలితో రాసి చూశారు. “ఇది మరమగ్గం. పోగు పోగుకీ తేడా లేదు. ఇదిగో, దీన్ని మాత్రం మనిషి నేశాడు” అన్నారు. తర్వాత వెల అడిగారు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “మరి ఇందులో నేసినోడికి ఎంత పోయిందిరా?” అన్నారు.

ఆ ప్రశ్నే ఈ ప్రసంగానికి కారణం. ఆ కోటు మీద దుకాణం పేరుంది, దేశం పేరుంది, నేసినవాడి పేరు లేదు. చెన్నపట్నం రికార్డుల్లో గవర్నర్ల పేర్లున్నాయి. మగ్గం గుంటలో కూర్చున్నవాళ్ళలో ఎంతమంది పేర్లు మిగిలాయి? భారత ప్రభుత్వ చేనేత లెక్కల ప్రకారం 2009-10లో ఈ రంగంలో 43 లక్షల పైచిలుకు మంది ఉండగా, 2019-20 నాటికి 35 లక్షల చిల్లరకి తగ్గారు. పదేళ్ళలో దాదాపు ఎనిమిది లక్షల మంది మగ్గం వదిలేశారు. ఇంకో పక్క, తేలియా రుమాలు నేసే పుట్టపాకకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది కొంత ఊరట.

ఈ కారణంగా నా అభిరుచి మారలేదు గానీ, కొనే పద్ధతి మారింది. మద్రాస్ అన్న మాట ఇప్పుడు గళ్ళ నమూనాకి పేరుగా కూడా వాడుతున్నారు, అది చేతినేత అని దానర్థం కాదు. అందుకని చేతిమగ్గమేనా అని అడుగుతాను. 2006లో మొదలైన చేనేత గుర్తు ఉందేమో చూస్తాను. గుడ్డకి రెండు వైపులా గళ్ళు ఒకేలా ఉండాలి, అక్కడక్కడ పోగు కాస్త లావుగా తగలాలి. జేబు దగ్గర గళ్ళు చొక్కా గళ్ళతో కలిస్తే కుట్టినవాడూ శ్రద్ధగలవాడే. మొదటి రెండు మూడు సార్లు చల్లనీళ్ళలో, విడిగా ఉతకండి. ఇండియా వెళ్ళినప్పుడు చొక్కా గుడ్డ చేనేత సహకార సంఘంలో కొని, ఊళ్ళో దర్జీ చేత కుట్టించుకోండి. ఇక్కడి కోటు వెలలో చాలా తక్కువకే వస్తుంది, డబ్బూ మగ్గానికి దగ్గరగా చేరుతుంది.

పిల్లలు ఎప్పుడైనా “ఈ డిజైను ఏ దేశానిది?” అని అడిగితే, చీరాల పేరూ చింతాద్రిపేట పేరూ చెప్పండి. లుంగీ కట్టుకున్న తాతయ్యా, గళ్ళ కోటు వేసుకున్న కాలేజీ కుర్రాడూ ఒకే నేత కట్టారని వాళ్ళకి తెలియాలి.

ఉంటానండీ. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.