మొదటి మందు మొండికేశాక

1895 జూన్‌లో గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ 33 ఏళ్ల మహిళకు అండాశయాలు తీసేశారు. ఆమె జబ్బేమో రొమ్ములో. అప్పటికే ఒకసారి ఆపరేషన్ అయినా క్యాన్సర్ తిరగబెట్టి, మళ్లీ కత్తి పెట్టడానికి వీల్లేనంతగా పాకింది. ఈనిన ఆవుకు అండాశయాలు తీసేస్తే చాలాకాలం వట్టిపోకుండా పాలిస్తుందని కొన్ని దేశాల రైతులకు తెలుసు. బీట్సన్ ఆ లంకె పట్టుకున్నారు. ఎనిమిది నెలలకు ఆమె ఒంట్లో కణితి ఆనవాలు లేదు.

అయితే 1900లో లండన్ సర్జన్ స్టాన్లీ బాయిడ్ అలాంటి కేసులన్నీ పోగుచేసి చూస్తే, మేలు జరిగింది సుమారు ముగ్గురిలో ఒకరికే. ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పే దారి లేదు. పనిచేసినవారిలోనూ జబ్బు మళ్లీ లేచేది. అప్పుడేం చేయాలి? 1950లలో షికాగోలో చార్లెస్ హగిన్స్ మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులనూ తీసేయడం మొదలుపెట్టారు. ఒక గ్రంథి పోతే ఇంకో గ్రంథి! నీరసించిన రోగికి అది పెద్ద ఆపరేషనే.

ఆ కాలంలోనే కీమో మందులూ వచ్చాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపించిన పరిశోధన ఫలమే మెథోట్రెక్సేట్. రొమ్ము క్యాన్సర్ దానికి లొంగుతుందని 1951లో న్యూయార్క్ వైద్యురాలు జేన్ రైట్ చూపారు. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు.

గ్రంథులు తీసేయడం ఎవరికి పనిచేస్తుందన్న చిక్కుముడిని విప్పింది, అదే షికాగోలో ఎల్వుడ్ జెన్సన్. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ వెళ్లి అతుక్కునే రిసెప్టర్ కొన్ని కణితుల్లోనే ఉంటుందనీ, అది లేనివారికి గ్రంథులు తీసినా పెద్దగా ఒరిగేదేమీ లేదనీ తేలింది.

ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీలో 1962లో డోరా రిచర్డ్‌సన్ తయారుచేసిన టామోక్సిఫెన్ నిజానికి గర్భనిరోధం కోసం ఉద్దేశించింది. ఎలుకల్లో పనిచేసింది, స్త్రీలలో మాత్రం అండం విడుదలకు సాయపడింది! అలా పక్కన పడాల్సిన మందును మాంచెస్టర్‌లోని క్రిస్టీ ఆసుపత్రిలో, జబ్బు ముదిరిన 46 మందికి ఇచ్చి చూస్తే 10 మందిలో మంచి గుణం కనిపించింది. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. కత్తి చేసే పనికి మాత్ర దొరికింది.

టామోక్సిఫెన్ రిసెప్టర్ దగ్గర ఈస్ట్రోజెన్‌కు అడ్డుపడుతుంది. 1990లలో వచ్చిన అనాస్ట్రోజోల్, లెట్రోజోల్ దారి వేరు: ముట్లుడిగిన స్త్రీల ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీనే అవి ఆపేస్తాయి. మొదట టామోక్సిఫెన్ విఫలమైనవారికి ఇచ్చిన ఈ మందులే క్రమంగా మొదటి వరసలోకి వచ్చాయి.

2002లో అమెరికాలో అనుమతి పొందిన ఫుల్వెస్ట్రాంట్ రిసెప్టర్‌నే నాశనం చేస్తుంది. ఇది మాత్ర కాదు, ఆముదం కలిసిన చిక్కటి ఇంజెక్షన్. 2010లో మోతాదు 500 మిల్లీగ్రాములకు పెరిగాక, అయిదేసి మిల్లీలీటర్ల సిరంజీలు రెండు, పిరుదుకొకటి చొప్పున ఇస్తున్నారు. ఒక్కోటి ఎక్కించడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. మొదటి నెలలో రెండు వారాలకోసారి, ఆపై నెలకోసారి.

ఇక మిగిలింది, పనిచేస్తున్న మందు ఎందుకు ఆగిపోతుందన్న ప్రశ్న. 2013లో అమెరికాలో రెండు బృందాలు ఒక కారణాన్ని బయటపెట్టాయి. ఈఎస్‌ఆర్1 అనే, రిసెప్టర్‌ను తయారుచేసే జన్యువులో మార్పు వస్తే, ఈస్ట్రోజెన్ లేకున్నా రిసెప్టర్ తనంతట తానే పనిచేస్తూ ఉంటుంది. అలాంటప్పుడు ఈస్ట్రోజెన్ తయారీని ఆపే మందులు వాడి ప్రయోజనం తక్కువ. ఈ మార్పు తొలి కణితిలో అరుదు, ఆ మందులు వాడాకే ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి మొదట్లో చేసిన బయాప్సీ రిపోర్టు ఒక్కటే చూసి రెండో మందును ఎంచితే ఇది దొరక్కపోవచ్చు. ఇప్పుడు రక్త పరీక్షతో పట్టుకుంటున్నారు. ఇలాంటి రిసెప్టర్‌ను నాశనం చేసే తొలి మాత్ర ఎలాసెస్ట్రాంట్‌కు 2023 జనవరిలో అమెరికాలో అనుమతి దొరికింది. దాంతోపాటే ఆ రక్త పరీక్షకూ. కనీసం ఒక హార్మోన్ చికిత్స తీసుకున్నా జబ్బు పెరిగి, ఈ జన్యుమార్పు ఉన్నట్టు తేలినవారికే ఆ మాత్ర.