మంత్రసాని చేతులు, బాలింత కన్నీళ్లు

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో కర్నూలు నుంచి విడిపోయి ఒంగోలు జిల్లాలో కలిశాయి. 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లా మారింది గానీ నొప్పులొస్తే ఎవరిని పిలవాలన్నది మాత్రం మారలేదు. మంత్రసానినే. ఆమె మాదిగవాడ నుంచో, మాలపల్లె నుంచో, మంగలి ఇంటి నుంచో వచ్చేది. పగలు గడప బయట నిలబెట్టిన మాదిగామెనే ఆ రాత్రి నేరుగా లోపలికి తీసకపోయేవాళ్లు. గౌరవించి కాదు. నెత్తురు, మాయ, బొడ్డుతాడు మైల గదా! ఆ మైలని ముట్టే పని ఆమెకి అప్పజెప్పారు, ముట్టినందుకు ఆమెనే మైల అన్నారు.

మేము ఇక్కడ ఇంకో సంగతి చూస్తున్నాం. మైల తీరేదాకా బాలింత కూడా అంటరానిదే. వేరే మూల, వేరే కంచం. అయినవాళ్లే దూరంగా ఉండే ఆ రోజుల్లో ఆమె ఒంటిమీద చెయ్యి వేసేది మంత్రసాని. నూనె రుద్దడం, వేణ్నీళ్లు పోయడం, నడుముకి గుడ్డ బిగించడం ఒంటికి చేసే పనులే. కానీ నీళ్లు పోసేటప్పుడు మాటలుంటాయి. మళ్లీ ఆడపిల్లేనని అత్త మొహం తిప్పుకున్నా, పాలు పడకపోయినా, బిడ్డ దక్కకపోయినా బాలింత ఏడవడానికి ఆ మనిషే దిక్కు. తిండి మానిందని, నిద్రలేక ఏదేదో మాట్లాడుతోందని ముందు పసిగట్టగలిగిందీ ఆమే. జనం దాన్ని గాలి అన్నారు, బాలింత సన్నిపాతం అన్నారు. బాలింత దిగులు కనిపెట్టడానికి ఎడింబరో పరిశోధకులు పది ప్రశ్నల పట్టిక అచ్చేసింది 1987లో.

అట్లాగని మంత్రసానిని దేవతని చెయ్యం. కొడవలితో బొడ్డు కోస్తే ధనుర్వాతం వచ్చి బిడ్డలు పోయారు. గాలి అనుకుని మంత్రగాడి పాలు చేస్తే తల్లులూ పోయారు. అయితే 1927లో కేథరిన్ మేయో ‘మదర్ ఇండియా’లో గానీ, 1946 నాటి భోర్ కమిటీ నివేదికలో గానీ ఆమె లెక్కకొచ్చింది మురికిగానో, శిక్షణ ఇయ్యాల్సిన చేతులుగానో. ఆ చేతులు ఓదార్చిన సంగతి ఎవరికి పట్టింది?

2005లో జననీ సురక్షా యోజన వచ్చాక కాన్పులు ఆసుపత్రులకి మళ్లాయి. మంచిదే. 2011 నుంచి ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికొచ్చి బిడ్డ బరువు, వేడి చూసే పద్ధతి పెట్టారు. తల్లి పక్కన ఊరికే కూచునే పనికి మాత్రం పద్దు లేదు.

మరి మంత్రసాని తానే బాలింతైతే? నీళ్లు పోసేది వాడలో ఆమె తల్లో, ఇంకో ముసలామో. మూల కూచునే తీరిక కూలిదానికెక్కడిది? చంకన బిడ్డతో మళ్లీ చేలోకి. ఊళ్లో పురుడు పోసినందుకు ఆమెకి ముట్టింది చాటెడు గింజలు, ఒక పాత చీర.