ఆరోగ్యశ్రీ ఎవరికి వర్తిస్తుంది? ఇంట్లో రేషన్ కార్డు ఉన్నా ఒక్కోసారి ఎందుకు అందదు?

జమ్మికుంటలో ఒక ఇల్లు అనుకుందాం. ఇంటిపెద్ద పత్తి మార్కెట్‌లో హమాలీ. భార్య, కొడుకు, కోడలు, మనవరాలితో కలిపి ఐదుగురు. కోడలికి కొంతకాలంగా ఆయాసం. వరంగల్ తీసుకెళ్తే గుండె కవాటం పాడైందని, ఆపరేషన్ చేసి మార్చాలని డాక్టర్లు చెప్పారు. ఇంట్లో రేషన్ కార్డు ఉంది కదా అన్న ధీమాతో ఆరోగ్యశ్రీ కౌంటర్‌కు వెళ్లారు. తీరా చూస్తే ఆ కార్డులో ఉన్నవి మూడు పేర్లే. పెళ్లయ్యాక కోడలి పేరును పుట్టింటి కార్డులోంచి తీయించారు గానీ అత్తింటి కార్డులో ఎక్కించలేదు. పాప పేరు కూడా లేదు.

ఈ కుటుంబం ఊహించింది. సమస్య మాత్రం నిజమైనదే. ఆరోగ్యశ్రీలో ఆదాయం ఎంత ముఖ్యమో, కార్డులో పేరు ఉండటం కూడా అంతే ముఖ్యం.

పథకంలో ఎంత వరకు చికిత్స ఉచితం?

రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మొదలైంది. మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో అమలు చేసి, తర్వాత మిగతా జిల్లాలకు విస్తరించారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు. ఇది కుటుంబం మొత్తానికి ఏడాదికి వర్తించే పరిమితి. ఒక్కొక్కరికీ విడివిడిగా రూ.10 లక్షలు అని పొరబడొద్దు. ఒకరి చికిత్సకు రూ.4 లక్షలు ఖర్చయితే, ఆ ఏడాది ఇంట్లో అందరికీ కలిపి మిగిలేది రూ.6 లక్షలు.

ఎవరు అర్హులు?

అర్హతకు ప్రధాన ఆధారం ఆహార భద్రత కార్డు. అంటే మనం వాడుకలో తెల్ల రేషన్ కార్డు అనేదే. ఆ కార్డుకు ఉన్న నిబంధనలు ఇవీ:

- పల్లెల్లో కుటుంబ వార్షికాదాయం రూ.1.5 లక్షలు దాటకూడదు.
- పట్టణాల్లో రూ.2 లక్షలు దాటకూడదు.
- భూమి ఉంటే తరి 3.5 ఎకరాలు, కుష్కి 7.5 ఎకరాల లోపు ఉండాలి.

ఇక్కడ జమ్మికుంట వాళ్లు ఒకటి గమనించాలి. జమ్మికుంట మున్సిపాలిటీ కాబట్టి పట్టణ పరిమితి వర్తిస్తుంది. అదే మండలంలోని వావిలాల, తనుగుల వంటి గ్రామాలకు పల్లె పరిమితి. నెలకు రూ.15 వేలు సంపాదించే కుటుంబానికి ఏడాదికి రూ.1.8 లక్షలు వస్తాయి. ఆ కుటుంబం పట్టణంలో ఉంటే అర్హత ఉన్నట్టే, పక్క ఊళ్లో ఉంటే పరిమితి దాటినట్టు.

ఎవరికి వర్తించదు?

ఈఎస్ఐ, సీజీహెచ్ఎస్, రైల్వే, ఆర్టీసీ వంటి వైద్య పథకాల కింద ఉన్నవాళ్లకు అవే చికిత్సలకు ఆరోగ్యశ్రీ వర్తించదు. ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లకు వేరే ఆరోగ్య పథకం ఉంది. నెలకు రూ.21 వేల లోపు జీతంతో ప్రైవేటు కంపెనీలో పనిచేస్తుంటే, జీతంలోంచి ఈఎస్ఐ కోత పడుతోందో లేదో పే స్లిప్‌లో చూసుకోండి.

ఏ ఖర్చులు వస్తాయి?

గుండె, కిడ్నీ, క్యాన్సర్, మెదడు సంబంధ శస్త్రచికిత్సల నుంచి డయాలసిస్ దాకా జాబితాలో ఉన్న చికిత్సలన్నీ నగదు లేకుండా చేస్తారు. 2024లో 163 కొత్త చికిత్సలను కలపడంతో జాబితా 1,835కు చేరింది. వయసు పరిమితి లేదు. ముందు నుంచే ఉన్న జబ్బు అని తిప్పి పంపడం కుదరదు. డిశ్చార్జి అయ్యాక పది రోజుల మందులు కూడా ప్యాకేజీలోనే వస్తాయి.

జ్వరం, జలుబుకు ఓపీలో చూపించుకుని మందులు కొనుక్కుంటే ఆ ఖర్చు రాదు. కొన్ని చికిత్సలు ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం. ప్రతి ప్రైవేటు ఆస్పత్రీ నెట్‌వర్క్‌లో ఉండదు, ఉన్న ఆస్పత్రిలోనూ అన్ని విభాగాలూ ఉండకపోవచ్చు. బకాయిలు రాలేదని 2025 సెప్టెంబరులో ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు కొన్ని రోజులు సేవలు ఆపేశాయి. అందుకే ముందుగా ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరడం మంచిది.

ఆస్పత్రికి వెళ్లాక ఏం చేయాలి?

నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని ముందు అక్కడికే వెళ్లండి. పరీక్షలయ్యాక ఆస్పత్రి ఆన్‌లైన్‌లో ట్రస్టుకు వివరాలు పంపి అనుమతి తీసుకుంటుంది. ప్రాణాపాయం ఉంటే ఫోన్ ద్వారా కూడా అనుమతి ఇస్తారు. ప్యాకేజీలో ఉన్న చికిత్సకు అదనంగా డబ్బు అడిగితే ఇవ్వకముందే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఇప్పటికే కట్టి ఉంటే రసీదు జాగ్రత్త చేసుకోండి.

పేరు లేకపోతే, కార్డే లేకపోతే?

రాష్ట్రంలో 2021 జులైలో కొత్త కార్డులు ఇచ్చాక మళ్లీ పెద్ద ఎత్తున పంపిణీ జరిగింది 2025లోనే. ఆ మధ్యకాలంలో పెళ్లయినవాళ్లు, పుట్టిన పిల్లల పేర్లు చాలా ఇళ్లలో కార్డుకు ఎక్కలేదు. పేరు చేర్చడానికి మీసేవలో దరఖాస్తు చేయాలి. కోడలి పేరైతే ముందు పుట్టింటి కార్డులోంచి తీయించాలి, లేదంటే ఆధార్ రెండుచోట్ల కనిపించి దరఖాస్తు ఆగిపోతుంది. దరఖాస్తు కదలకపోతే తహసీల్దార్ కార్యాలయంలో అడగండి. అక్కడా తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వొచ్చు.

ఈలోపే చికిత్స అవసరమైతే ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. నిమ్స్ వంటి ఆస్పత్రుల్లో చికిత్సకు ముందే ఎల్‌ఓసీ కోసం ప్రయత్నించవచ్చు. ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే బిల్లులతో ఎమ్మెల్యే లేదా ఎంపీ సిఫార్సు ద్వారా దరఖాస్తు చేయొచ్చు. అయితే ఖర్చంతా తిరిగి వస్తుందన్న భరోసా లేదు.

ఇంట్లో 70 ఏళ్లు దాటినవాళ్లు ఉంటే వారి కోసం ఆయుష్మాన్ భారత్ కింద కేంద్రం 2024 అక్టోబరులో ఆదాయంతో సంబంధం లేకుండా రూ.5 లక్షల పథకం తెచ్చింది. దీనికి ఆధార్ కావాలి. చేరే ముందు ఆ ఆస్పత్రిలో ఆ కార్డు చెల్లుతుందో లేదో అడగండి.

ఈ రోజే చేయాల్సిన పని

ఇంటి రేషన్ కార్డు తీసి అందులోని పేర్లు చదవండి. మీరు హైదరాబాద్‌లో ఉండి అమ్మానాన్న ఊళ్లో ఉంటే, కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. ఇంట్లో ఎంతమంది ఉన్నారో అన్ని పేర్లు ఉండాలి. ఒక్క పేరు తక్కువైనా మీసేవకు వెళ్లాల్సింది ఇప్పుడే, ఆస్పత్రిలో చేరాక కాదు.