ధాత కరువు ఛాయాచిత్రాలు: ప్రమాణ విచారం

1876–78 నడుమ మద్రాసు రాజధానిని దహించిన క్షామాన్ని మన పెద్దలు ధాత కరువు అన్నారు. అది ఆరంభమైన సంవత్సరం పేరు ధాత, పోషించేవాడని అర్థం! బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలాలు విశేషంగా తపించాయి. ఆ కాలంలో విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి క్షామపీడితుల ఛాయాచిత్రాలు తీశాడు. అస్థిపంజరాల వంటి స్త్రీపురుషులు, శిశువులు వరుసగా కూర్చుని ఉంటారు. వారి నామగోత్రాలు మనకు అందలేదు.

ఇట్టి చిత్రం ఏ ప్రమాణం? పెక్కుమంది ప్రత్యక్షమనే తలుస్తారు. న్యాయశాస్త్రరీత్యా ఇంద్రియార్థ సన్నికర్షం వలన కలిగే జ్ఞానం ప్రత్యక్షం. మన నేత్రానికి సన్నికర్షం కాగితంతోనే గాని ఆ మనుష్యులతో కాదు. కనుక చిత్రం ధూమం వంటి లింగం. దాని నుండి గ్రహించేదంతా అనుమానం. ఉబికిన పక్కటెముకలు హేతువు, ఆకలి సాధ్యం. ఇంతవరకు శంకకు తావు స్వల్పం. కాని వారిది ఏ ఊరు, ఎవరికెవరు ఏమవుతారు, పిమ్మట జీవించారా అనేవాటికి చిత్రంలో హేతువే లేదు.

ఆ లింగమూ నిర్దుష్టం కాదు. నాటి కొలోడియన్ గాజుఫలకం నీలకాంతికి స్పందించేది. ఎరుపు, పసుపులకు దాదాపు స్పందించదు. పసుపు పూసిన ముఖమూ కుంకుమబొట్టూ నల్లగా పడతాయి, నీలాకాశం తెల్లబోతుంది. (పాతచిత్రం చూచి మేనిఛాయ నిర్ణయించేవారు ఇది గమనించాలి.) పైగా ఛాయ నిలిచేందుకు కొన్ని క్షణాలు కదలక ఉండాలి. కూర్చోబెట్టి అమర్చినవాడు ఛాయాగ్రాహకుడే; ఆకలిని మాత్రం అతడు అమర్చలేదు.

ఇక చిత్రం క్రింది వ్యాఖ్య శబ్దం. దానికి ఆప్తుడు కావాలి: విషయం ఎరిగినవాడు, ఎరిగినది ఎరిగినట్లు చెప్పగోరేవాడు. ఇవే చిత్రాలు నేడు 1943 నాటి వంగదేశ క్షామం పేరిట చరవాణులలో సంచరిస్తున్నాయి. పంపేవారికి కరుణే ఉండవచ్చు. కరుణ వలన ఆప్తత్వం సిద్ధించదు. అనామకులుగా పోయినవారికి వారి కాలం, దేశం కూడా దక్కకుండా పోతున్నాయి.

ఎవరో అజ్ఞాత సాధువు చిత్రాన్ని ఫలానా సిద్ధపురుషుడిదని పటం కట్టించి తెచ్చే భక్తులూ ఉన్నారు. ఉపాసనకు ప్రతీక చాలు, చరిత్రకు చాలదు.

తర్పణాంతంలో వస్త్రం పిండి విడిచే ఉదకం మన కులంలో పుట్టి, అపుత్రులై గతించినవారికి. అక్కడ పేరు పలకనక్కరలేదు. ఆ మండలాలలో మూలాలున్న కుటుంబాలవారు ఆ ముఖాలను ఒకమారు నిదానంగా చూడండి. వారు మీవారనడానికి ప్రమాణం లేదు, కారనడానికీ లేదు. వస్త్రం పిండే వేళ వారు స్మరణకు వస్తే దోషం లేదు.