‘నేను ఫలానా తన్జీమ్ మనిషిని’ అన్న మాటకు సజా ఎంత?

చిలకలపూడి గిల్టు నగల ఊరు. అక్కడ ‘ఇది అసలీ సోనా’ అని ఎవరన్నా చెబితే ఆ మాటమీద ఎవరూ పైసలు లెక్కపెట్టరు. గీటురాయి మీద గీసి చూస్తారు. మరి ఒక మనిషి ‘నేను ఫలానా నిషేధిత సంస్థ మెంబర్ని’ అంటే? ఆ మాటే జుర్మ్ అవుతుందా, లేక ఏదో ఒక పని కూడా చేసి ఉండాలా?

‘ఉపా’ పేరు వింటే మన ఇళ్లలో అమ్మీల గుండెలు జారిపోతాయి. ఇది మనకోసమే పుట్టిన ఖానూన్ అనుకుంటాం. తవారీఖ్ వేరే కథ చెబుతుంది. బెంగాల్ రహస్య సమితులను అణచడానికి 1908లో తెల్లదొరలు క్రిమినల్ లా అమెండ్‌మెంట్ చట్టం తెచ్చారు. సర్కార్ నిషేధించిన సంఘంలో మెంబరైతే చాలు, 17వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా ఖైద్. నడిపేవాడికి మూడేళ్ల దాకా. 1932లో అదే ఖానూన్ కాంగ్రెస్ కమిటీల మీద పడింది. అంటే బందరు పట్టాభి సీతారామయ్య గారి జమాత్ కూడా ఒకనాడు నిషేధిత జమాతే!

ఆజాదీ వచ్చింది, ఖానూన్ మాత్రం పోలేదు. 1949లో మద్రాసు సర్కార్ కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది. మన కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసులోనే ఉంది. ఆ ఏడాదే ఎలమర్రు, కాటూరు గ్రామాల్లో మలబారు పోలీసులు మగవాళ్ల బట్టలు ఊడదీయించి ఊరేగించారు. ఊరంతటినీ నిలబెట్టినప్పుడు అందులో మెంబరెవరు, కానివాడెవరు అని అడిగే తీరిక ఎవరికుంది?

1950లో మద్రాసు ఆ చట్టాన్ని ఇంకా బిగించింది. సర్కార్‌కు అలా అనిపిస్తే చాలు, సంఘం గైర్‌ఖానూనీ. తన సొసైటీని అలా నిషేధిస్తే బారిస్టర్ వి.జి.రావ్ అదాలత్‌కు వెళ్లారు. 1952 మార్చి 31న చీఫ్ జస్టిస్ పతంజలి శాస్త్రి బెంచి ఆ నిబంధనను కొట్టేసింది. సంఘం పెట్టుకోవడం పౌరుడి హక్కు, దాన్ని అదాలత్ విచారణ లేకుండా సర్కార్ తన అభిప్రాయంతోనే లాక్కోకూడదంది.

తర్వాతది టాడా జమానా. పోలీసు ముందు చేసిన ఇక్బాలే జుర్మ్ అదాలత్‌లో చెల్లదన్నది పాత ఎవిడెన్స్ చట్టం 25వ సెక్షన్. టాడా దాన్ని పక్కకు నెట్టి, ఎస్పీ రాసుకున్న ఇక్రార్ చెల్లుతుందంది. నా లెక్కలో అసలు జుల్మ్ ఇక్కడే మొదలైంది. జబర్దస్తీగా చేయించిన ఇక్రార్‌ను మన ఫిఖ్ ఉలమా ఏనాడో తోసిపుచ్చారు. అస్సాంలో అరూప్ భుయాన్‌కు ఉల్ఫా మెంబరని సజా పడింది. ఉన్న సాక్ష్యమల్లా ఎస్పీ ముందు ఇచ్చాడన్న ఆ ఇక్రార్. 2011 ఫిబ్రవరి 3న సుప్రీంకోర్టు అతన్ని విడిచిపెట్టింది. హింస చేయకుండా, హింసకు ఉసిగొల్పకుండా ఉత్త మెంబర్‌షిప్ జుర్మ్ కాదంది.

ఆ ఊరట పన్నెండేళ్లే నిలిచింది. 2023 మార్చి 24న ముగ్గురు జడ్జీల బెంచి ఆ తీర్పును తిరగేసింది. నిషేధం సంగతి తెలిసీ మెంబర్‌గా కొనసాగితే అదే జుర్మ్ అంది.

మన నౌజవాన్లు ఫోన్లో బడాయికి రాసే రాతల సంగతికొస్తే, చూడాల్సింది ఉపా 38వ సెక్షన్. తీవ్రవాద సంస్థతో సంబంధం పెట్టుకున్నవాడికే కాదు, సంబంధం ఉందని చెప్పుకునేవాడికీ అది వర్తిస్తుంది. పదేళ్ల దాకా సజా. అయితే ఆ సంస్థ పనులను ముందుకు తీసుకెళ్లే నియ్యత్ ఉండాలి. కేరళ విద్యార్థులిద్దరి కేసులో 2021 అక్టోబర్ 28న సుప్రీంకోర్టు పట్టుకున్నది ఈ నియ్యత్‌నే. కాగితాలు, పుస్తకాలు దొరికినంత మాత్రాన సరిపోదని బెయిలిచ్చింది. నిజమే, కానీ ఆ మాట వినేసరికి కుర్రాళ్లు నెలల తరబడి జైల్లో ఉన్నారు.

ఉపాలో టాడా మాదిరి ఎస్పీ ఇక్రార్ లేదు. 2024 జూలై 1 నుంచి పాత 25వ సెక్షన్ భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌గా ఉంది. ఎవరి పిల్లవాణ్నైనా స్టేషన్‌కు పిలిస్తే, వకీల్ సాబ్‌తో ముందు మాట్లాడాల్సిన నంబరు ఇదే.