కప్పు గెలిచిన మూడు రోజులకే కిందికి

కప్పు ముఖ్యమా, లీగ్‌లో స్థానమా? నాకైతే ఈ మాట వింటే విగాన్ గుర్తొస్తుంది.

2013 మే 11, వెంబ్లీలో ఎఫ్‌ఏ కప్ ఫైనల్. ఎదురుగా మాంచెస్టర్ సిటీ. 90 నిమిషాలు అయిపోయాయి. ఆరు నెలల కిందటే కాలు విరిగిన బెన్ వాట్సన్, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి, కార్నర్‌ని హెడర్‌తో గోల్ చేశాడు. 1-0! క్లబ్ చరిత్రలో మొదటి పెద్ద కప్పు.

మే 14న ఆర్సెనల్ చేతిలో 4-1తో ఓడి, ప్రీమియర్ లీగ్ నుంచే దిగిపోయారు. ఒకే సీజన్‌లో ఈ రెండూ చూసిన మొదటి క్లబ్ ఇదే. దిగితే టీవీ డబ్బు తగ్గుతుంది, మంచి ఆటగాళ్లు వెళ్లిపోతారు. పదేళ్లు దాటినా విగాన్ మళ్లీ పైకి రాలేదు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను లీగ్ పక్షమే. నెలనెలా జీతం లాంటిది కదా! ఇప్పుడు ఆ హెడర్ చూస్తుంటే కప్పే అంటాను. విగాన్ ఫ్యాన్ అయితే మీరేది తీసుకుంటారు?