విమానం బొమ్మలో మన నాందేడ్

ప్లాస్టిక్ విమానం బొమ్మల పెట్టె కొంటే, అందులో విడి భాగాలన్నీ ఒక చట్రానికి అంటుకుని వస్తాయి. దీన్ని స్ప్రూ అంటారు. ఫ్యాక్టరీలో కరిగిన పాలిస్టైరిన్ అచ్చులోకి వెళ్ళే కాలువల్లో గట్టిపడితే ఈ పుల్లలు తయారవుతాయి. భాగాలు తుంచుకున్నాక చాలామంది చట్రాన్ని పారేస్తారు. బొమ్మలు చేసేవాళ్ళు మాత్రం దాచుకుంటారు.

ఎందుకంటే పెట్టెలో రాని చిన్న భాగాలు దానితోనే చేసుకోవచ్చు. పుల్లని కొవ్వొత్తి మంటకి కొంచెం పైన పట్టుకుని తిప్పాలి. మెత్తబడగానే పక్కకి తీసి మెల్లగా లాగితే వెంట్రుకంత సన్నటి తీగ వస్తుంది. పెద్దవాళ్ళు దగ్గరుంటేనే ఈ పని చెయ్యాలి, కిటికీ తెరిచి ఉంచాలి. ఈ తీగ ఓడ తాళ్ళకీ విమానం రేడియో తీగకీ పనికొస్తుంది. చిన్న ముక్కల్ని మోడల్ జిగురులో నానబెడితే సందులు పూడ్చే ముద్ద తయారవుతుంది.

బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1952లో గోల్డెన్ హైండ్ ఓడ బొమ్మని, తర్వాత కొద్ది ఏళ్ళకే స్పిట్‌ఫైర్ విమానం బొమ్మని తెచ్చింది. అసలు స్పిట్‌ఫైర్ రెక్కల పొడవు 11 మీటర్ల పైనే. 1/72 కొలతలో అది దాదాపు 15.6 సెంటీమీటర్లు.

మరి స్పిట్‌ఫైర్‌కీ మనకీ ఏం సంబంధం? 1940లో జర్మన్ విమానాలు ఇంగ్లండ్ మీద దాడి చేసినప్పుడు, స్పిట్‌ఫైర్లతో ఎదుర్కొన్న దళాల్లో 152వ దళం ఒకటి. దాని పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. దళం చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. అప్పుడు మన నాందేడ్ హైదరాబాద్ సంస్థానంలో ఒక జిల్లా. సంస్థానం ఖజానాకి మన జిల్లా రైతులు కూడా శిస్తు కట్టారు.

నేను చేసిన స్పిట్‌ఫైర్ పెట్టెలో రేడియో తీగ లేదు. మిగిలిన చట్రం నుంచే లాగి, వీపు మీది స్తంభం నుంచి తోక దాకా అతికించాను. పెట్టె మీద హైదరాబాద్ పేరు కూడా లేదు. ఆ పేరు చిన్న కాగితం మీద రాసి స్టాండుకి అంటించాను.

1948 సెప్టెంబర్ 17న సంస్థానం పాలన ముగిసింది. 1956 నవంబర్ 1న భాషని బట్టి దాన్ని మూడు రాష్ట్రాలకి పంచారు. తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. మన మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1న మహారాష్ట్రలోకి వచ్చింది. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు తెలుగు ఇళ్ళు ఇక్కడే ఉండిపోయాయి.

తెలంగాణ చరిత్ర చెప్పేటప్పుడు నాందేడ్ దాకా రావడం తక్కువ. మహారాష్ట్ర చరిత్ర చెప్పేటప్పుడు మన తెలుగు ఇళ్ళ దాకా రావడం తక్కువ. మన భాగం ఏ పెట్టెలోనూ తయారుగా దొరకదు, మనమే చేసుకోవాలి. దానికి కావలసిన ముక్కలు మన ఇళ్ళలోనే ఉన్నాయి. ఉర్దూలో రాసిన పాత భూమి కాగితాలు, నిజాం నాణేలు, తాతయ్య, అమ్మమ్మ చెప్పే సంగతులు. మిత్రులారా, దీపావళికి ఇల్లు దులిపేటప్పుడు వాటిని చెత్తలో వెయ్యకండి. అడిగి, తెలుసుకుని, తారీఖు వేసి ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.